ఒక పగలు, ఒక రాత్రి

రంగూన్‌లో మా తెలుగువాళ్లుండే లమ్మడా పేటలో మా మేడ మెట్లెక్కుతుంటే ఇప్పటికీ ఎండుచేపలు వేగుతున్న వాసన వస్తుంది. ఆ వాసనకు ముక్కు మూసుకోని తెల్లవాణ్ణి నా చిన్నప్పుడు ఒక్కణ్ణే చూశాను. ఆయన నార్వే సైన్యంలో అధికారిగా చేసి, రిటైరయ్యాక నదిలో తిరిగే పడవల పని చూడటానికి రంగూన్ వచ్చాడు. అమ్మ ఆయనింట్లో వంట చేసేది. గోడలు చెమర్చి, బట్టలు ఆరక, బియ్యం డబ్బాలో పురుగు పట్టే వానాకాలంలో నేను బడి నుంచి తిన్నగా ఆ వంటింటికే వెళ్లేదాన్ని. ఆయన స్టూలు లాక్కుని తలుపుకు ఎదురుగా కూర్చుని, తమ ఊళ్లోనూ చేపలను కొయ్యలకు వేలాడదీసి ఎండబెడతారని వచ్చీరాని బర్మీస్‌లో చెప్పేవాడు. బర్మావాళ్ల నీళ్ల పండక్కి అమ్మ చేసిన, లోపల బెల్లం ముక్క పెట్టిన బియ్యప్పిండి ఉండలు నోరు కాలుతున్నా తినేవాడు. ఇక్కడ పెద్దవాళ్ల పేరు ముందు పెట్టే ‘ఊ’ చేర్చి, మంచు దేశం నుంచి వచ్చాడని మా అన్న ఆయన్ను ‘ఊ ఐసు’ అనేవాడు.

జర్మన్లు తమ దేశాన్ని ఆక్రమించినప్పుడు ఆయన చేపల బుట్టల కింద రేడియో దాచి ఊరూరా చేరవేసేవాడట. ఆయన జట్టుకొక నియమం ఉండేది. పట్టుబడినవాడు ఒక పగలు, ఒక రాత్రి నోరు విప్పకూడదు. ఆలోగా మిగతావాళ్లు చోటు మారాలి. ఆ తర్వాత చెప్పేసినా అతన్నెవరూ తప్పుపట్టరు. తన స్నేహితుడు అలా ఆగబట్టే తాను బతికానని ఉల్లిపాయలు తరుగుతున్న అమ్మకు చెప్పాడు. కొన్నాళ్లకు తన దేశం వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు సైనిక పాలన మీద విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. వాళ్లలో అన్న ఉన్నాడు. అతని కోసం సైనికులు వెతుకుతున్నారని తెలిసి, నది అవతల ట్వంటే ఊళ్లో కుండలు చేసే ఒక ముసలామె ఇంట్లో దాచాం. ఆ నియమమే మనమూ పాటించాలని అమ్మా నాన్నా అనుకున్నారు. ఒక ఉదయం నాన్నను తీసుకుపోయారు. అమ్మ పొయ్యి ఆర్పి, నన్ను వెంటబెట్టుకుని పడవెక్కింది.

మేం వెళ్లేసరికి అన్న మట్టి తొక్కుతున్నాడు.

“నాన్న సెప్తాడేటమ్మా? సంపినా సెప్పడు.”

“నీ సదువంతా ఏటయిందిరా? దెబ్బలు తింటే ఎవులైనా సెప్తారు. లే, ఎల్లిపో.”

“ఊ ఐసు మనుషులు సెప్తారేమో. నాన్న గురించి నువ్విలాగ అంటే నాకు నచ్చదు.”

అమ్మ చెయ్యి పట్టి లాగింది. అతను కదల్లేదు. సాయంత్రం పడవకు మేమిద్దరమే తిరిగొచ్చాం.

మర్నాడు మధ్యాహ్నం అన్నను పట్టుకుపోయారు. ఆ కబురు చెప్పడానికి ముసలామే స్వయంగా వచ్చింది. మూడోరోజు నాన్న పెదవులు వాచి ఇంటికొచ్చాడు. గడప దాటకుండానే అడిగాడు.

“ఒక పగలూ రేత్రీ ఆగేనే. ఆడు ఎల్లిపోనాడా?”

“ఎల్లిపోనాడు. థాయ్‌లాండ్ దాటేసేడు,” అంది అమ్మ. నావైపు చూసింది.

అన్న గురించి మాకు మళ్లీ ఏమీ తెలియలేదు. తన కొడుకు దేశం దాటాడని నాన్న జీవితాంతం అందరికీ చెప్పుకున్నాడు. మమ్మల్ని పట్టుకుంటారన్న భయంతో అన్న ఉత్తరాలు రాయడంలేదని కూడా తనే చెప్పేవాడు.

అమ్మ ముందే పోయింది. నాన్న మొన్న వానల్లో పోయాడు. ట్వంటేలో ఆ ఇంటి చోట ఇప్పుడు సిమెంటు గోదాం ఉంది. దినాలకు వచ్చిన పిన్ని అడిగింది.

“అన్నకి కబురెట్టేవేటే?”

“ఎట్టేను పిన్నీ.”

పిన్నికి తెలుగు మాట్లాడటమే వచ్చు. ఈ మెట్ల మీద తెలుగు చదవగలిగేవాళ్లలో మిగిలింది నేనొక్కదాన్నే. కాబట్టి ఇదంతా తెలుగులో రాసి, దాచకుండా బల్ల మీదే ఉంచాను.