ఉయ్యాలలో చేప

"దాని గోరు బిడ్డ కంట్లో దిగితే ఏం చేస్తాం?"

మా ఆవిడ వెంకటశేషమ్మ ఆ మాట అంటూ బిడ్డ మడమ పైకెత్తి చూపించింది. మడమ మీద ఎర్రటి గీతలు, ఒకదాని చివర నెత్తుటి బొట్టు. దూలానికి కట్టిన చీర ఉయ్యాల అడుగున చిరుగు. గడప పక్కన మా పిల్లి, తనకేమీ తెలియనట్టు ముంజేయి నాక్కుంటూ కూర్చుంది.

అప్పుడు నేను వాకాడు హైస్కూల్లో సైన్సు చెబుతుండేవాణ్ణి. అది మాకు తొలిచూలు బిడ్డ. గోటి మట్టి చిటికెడు మైక్రోస్కోపు కింద పెడితే ఏమేం పాకుతాయో కాలేజీలో చూసినవాణ్ణి కాబట్టి, నాకు ఆ గీతలు గీతల్లా కనిపించలేదు. టింక్చర్ పూశాను. బిడ్డ ఒళ్లు వెచ్చబడిందేమోనని మాటిమాటికీ తాకి చూశాను.

పోనీ పిల్లిని వదిలేద్దామా అంటే మా ఇంటి గోడకవతల ధాన్యం కొట్టు. పిల్లి రాకముందు ఒక ఎలుక బిడ్డ తలదిండు మీదికెక్కి పాలు తుడిచిన గుడ్డ కొరుకుతుంటే శేషమ్మ చూసింది. అయినా తెగించి పిల్లిని గోతంలో వేసి కాలవ దాటించి వచ్చాను. మర్నాడు మధ్యాహ్నానికల్లా అది మా పెంకుల మీద కూర్చుని ఉంది.

ఆ సంగతి విని కాంపౌండరు హజరత్తయ్య వచ్చాడు. "ఇంత మాత్రానికి కంగారెందుకు సార్? గోళ్లు పీకేద్దాం. నా దగ్గర పళ్లు పీకే పటకారుండాది. రైసుమిల్లు పిల్లికి చేసినా. ఆ తర్వాత అది ఒక్క గోతం గీరితే అడగండి!"

ఆదివారం వస్తానన్నాడు. శేషమ్మ సరేనంది. నాకు మనసొప్పక, ముందు ఆ మిల్లు పిల్లిని చూస్తానన్నాను. అతనే సంబరంగా వెంటబెట్టుకుని పోయాడు.

ఊకపోగు వెనక పడుకుని ఉందది. ముందు కాళ్లు వాచి ఉబ్బిపోయాయి. చీముకు ఊక అతుక్కుని, దాని మీద ఈగలు. లేచి రెండడుగులు వేసి, నేలకి పాదం ఆనించలేక పక్కకు ఒరిగింది. పిల్లి గోరు మన గోరులాంటిది కాదు, వేలి చివరి ఎముకలోంచే పెరుగుతుంది. దాన్ని మొదలంటా పీకడమంటే మన వేళ్లన్నీ చివరి కణుపు దగ్గర తెంపేయడమే. ఆ మాటే చెప్పాను.

"జంతువు గదా సార్, సర్దుకుంటాదిలే" అన్నాడు హజరత్తయ్య.

మిల్లు గుమాస్తా కట్టు కట్టుకున్న మణికట్టు చూపించి నవ్వాడు. "గీరడం మానేసినాది సార్. ఇప్పుడు కరస్తా ఉండాది."

అందులో నవ్వేదేముందో నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నా ఆ చీము కంపు ముక్కుని వదల్లేదు. జరిగింది శేషమ్మకు చెప్పాను. ఆమె మొహం చిట్లించుకుంది కానీ, మళ్లీ అదే అడిగింది: "మరి బిడ్డ కన్ను?"

నేను బిడ్డ మడమకు మళ్లీ టింక్చర్ పూశాను.

గురువారం పొద్దున నాగులమ్మ చేపల గంపతో వచ్చింది. ఆమెను చూస్తే మామూలుగా నాకు పడేది కాదు. మా మెట్టు మీదే చేపల కడుపులు చీల్చేది, కత్తిని కొంగుకు తుడిచేది, అదే కొంగుతో బిడ్డ మూతి తుడవబోయేది. బుగ్గన పొగాకు, నోట్లోంచి బండబూతులు. పుట్టింది పులికాటు ఒడ్డున, మెట్టింది మా తీరాన. మొగుడు గంగులయ్య సముద్రం మీదికి పోతాడు. ఒడ్డు చేరిన చేప అమ్మడం, వలలారేసే దొడ్డిని కాపాడడం నాగులమ్మ పని. అప్పట్లో అన్నీ నూలు వలలే. నూలు కుళ్లకుండా చెట్టు బెరడు కషాయంలో ముంచి తాటిమొద్దులకు ఆరేసేవాళ్లు. చేప వాసనకు పిల్లులొచ్చి ఆ వలల్ని గీరేవి. వల చిరిగితే ఆ పూట వేట లేదు. ఆ దొడ్డి కోసం ఆమె ఊళ్లో సగం మందితో పోట్లాడింది. పిల్లులతో మాత్రం పోట్లాడలేదు. ప్రతి మొద్దుకూ కింది భాగాన పనికిరాని పాత వల గట్టిగా చుట్టింది. పిల్లులు దాన్నే గీరుకునేవి, పైన ఆరే వల జోలికి పోయేవి కావు.

శేషమ్మ ఆదివారం సంగతి చెప్పింది.

"ఎవుడూ? ఆ పళ్లు పీకేటోడా?" నాగులమ్మ వీధిలోకి తుపుక్కున ఉమ్మింది. "వాడి చేతివేళ్లు పట్టుకుని రమ్మను, నా కాడ కూడా కత్తి ఉండాది. థూ! ఏదీ, ఉయ్యాల చూపీమ్మా."

శేషమ్మ బిడ్డను ఉయ్యాలలో వేసింది. నాగులమ్మ నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని నన్ను పిలిచింది. "నిలబడి చూస్తే ఏం తెలుస్తాది అయ్యోరా? పిల్లి ఎత్తుకు దిగు."

కూర్చున్నాను. పల్చటి చీర. అడుగున బిడ్డ మడమ ఉబ్బెత్తుగా అటూ ఇటూ కదులుతోంది.

"ఏం కనబడతా ఉండాది?"

"బిడ్డ కాలు."

"నీకు బిడ్డ కాలు. వలలో పడిన చేప ఇట్టనే తన్నుకుంటాది. పడవ ఒడ్డుకు రాంగానే మా పిల్లులు దీని మీదకే దూకేది. ఈ పిల్లికి నీ బిడ్డ మీద పగేం లేదు."

శేషమ్మ నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. "అయితే నా బిడ్డ చేపా?"

"వంజరమమ్మా. అంత చవగ్గా రాదు."

ఉయ్యాల పిల్లికి అందనంత ఎత్తున కట్టాం. అడుగున మందపాటి దుప్పటి మడిచి వేశాం, కాలు కదిలినా బయటికి కనబడకుండా. పక్కనున్న అలమారా ఎక్కి పిల్లి దూలం మీదికి దూకకుండా, దాన్ని దూరంగా జరిపేశాం. మర్నాడు గంగులయ్య తాటిమొద్దు తెచ్చి ఇచ్చాడు, పాత వల చుట్టి. ఆ వల కంపు చెప్పతరం కాదు. ఇంటి వెనక, పేడదిబ్బ పక్కన పాతించాను. పిల్లి అటు చూడనైనా చూడలేదు, మా వాకిలి దర్వాజానే గీరింది.

నాగులమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది. "వసారాలో అన్నం తిని, చెయ్యి కడుక్కోవడానికి పొలం పోతావా అయ్యోరా? అది నిద్ర లేచేది ఈడ, ఒళ్లిరుచుకునేది ఈడ. మొద్దు కూడా ఈడనే ఉండాల. కదలకుండా పాతు, కదిలితే ముట్టదు."

మొద్దు వసారాలోకి వచ్చింది. పిల్లి నిద్ర లేచి దాని మీదికి నిలువునా సాగి, కళ్లు మూసుకుని గీరింది. గోళ్ల కొసలు నేనే కత్తిరించాను. శేషమ్మ పిల్లిని తువ్వాల్లో చుట్టి పట్టుకుంటే, వెలుతురుకి పట్టి, లోపల నెత్తురు పారే గులాబీ రంగు తగలకుండా తెల్లటి మొన మాత్రం. అంత నోరున్న నాగులమ్మ అది చూడలేక గోడవైపు తిరిగింది. బిడ్డ గాయానికి పసుపూ సున్నమూ పూయమని మాత్రం గోడవైపు తిరిగే పోరింది. నేను పూయలేదు.

ఆదివారం హజరత్తయ్య పటకారును గుడ్డలో చుట్టుకుని వచ్చాడు. శేషమ్మ గడపలో నిలబడింది.

"కాఫీ తాగి పోదురు గానీ అన్నయ్యా, అది మాత్రం లోపలికి తేవద్దు."

అతను వసారాలో కూర్చుని ముక్కు మూసుకున్నాడు. "ఏంది సార్ ఈ కంపు?"

"నాకూ అసహ్యంగానే ఉంది. మిల్లులో చూసినంత అసహ్యం కాదు."

కాఫీ సగంలో వదిలేసి పోయాడు.

ఇప్పుడు ఉయ్యాలలో మా రెండో బిడ్డ. నాగులమ్మ దొడ్డిలో నైలాను వలలు వచ్చాయి. మా వసారాలో మాత్రం మొద్దుకు ఇంకా నూలు వలే, ఇంకా అదే కంపు. నేను ఇంకా ముక్కు చిట్లించుకుంటూనే ఉన్నాను. కానీ బిడ్డను పడుకోబెట్టే వేళకు, బెండు కట్టిన వలతాడు నేల మీద ఈడుస్తూ వసారా అంతా తిరుగుతాను. పిల్లి దూకి పట్టుకుంటుంది. చేప తల వేస్తాను. అది తిని, మూతి నాక్కుని, ముడుచుకుంటుంది. అప్పుడే శేషమ్మ ఉయ్యాల ఊపుతుంది. ఉయ్యాల చూసిన ఆ గురువారం నాగులమ్మ గంప నెత్తికెత్తుకుంటూ చెప్పింది ఇదే:

"తోక నేలకేసి కొట్టిందంటే చెయ్యి తీసెయ్యి. కొట్టబాక, కొడితే మనిషిని చూసినప్పుడల్లా గోరు తీస్తాది. ముందు దాని వేట దానికియ్యి, దాని కూడు దానికి పెట్టు. ఆ తర్వాత బిడ్డని పండుకోబెట్టు."