దోనె కొలిచిన మేస్త్రీ

నిరుడు ఆషాఢంలో మొదటి గురువారం పొద్దున పదిన్నరకు వనపర్తి నుంచి రేకుల మేస్త్రీ మా ఇంటికొచ్చాడు. ఆయన పేరు మరిచాను, మీసం మరవలేదు. ప్రతి మాటకు ముందు దాన్ని దువ్వేవాడు.

కప్పు అంచున వాననీళ్లు పోయే దోనెకు చిల్లులు పడి, వసారాలో విత్తనానికి దాచిన పల్లికాయ మూటల మీద కారుతోంది. అవి తడిస్తే ఆ ఏడు విత్తేది లేదు. దోనె లోపల కొత్త రేకు తొడుగు పరచాలి. అంతకుముందు కొలతలకు వచ్చిన రోజు టేపు ఇస్తానంటే మీసం దువ్వాడు.

"నా చెయ్యే టేపు, పెద్దయ్యా."

ఆ గురువారం తెచ్చిన తొడుగు దోనెలో దిగలేదు. ఆయన కొలిచింది బయటి వెడల్పు. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి గానీ, లోపలేదో బయటేదో పుట్టినప్పటినుంచీ తెలుసు.

"ఏందయ్యా, లోపల పట్టేదానికి బయట కొలుస్తరా?" అని నా భార్య అడిగింది.

మళ్లీ మీసం దువ్వాడు. "తొడుగు మంచిగనే ఉన్నది పెద్దమ్మా. మీ దోనెనే ఇరుకున్నది."

అంతలో వాన దిగింది. మూటలు లోపలికి మోసినవాళ్లం నేను, నా భార్య, మా తమ్ముడు బాలయ్య, పక్కింటి ఈదమ్మ. మేస్త్రీ కూడా మా వసారాలోనే ఉన్నాడు, వెంట తెచ్చుకున్న గొడుగు విప్పుకొని.