ఇంకొక్క గజం

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్కకు అన్యాయం జరిగింది. పెద్ద నర్సు కావలసిన మనిషిని చిన్న నర్సుగానే ఉంచేశారు. మిగతా సంగతులు తర్వాత; ముందు ఈ మాట రాసిపెట్టాలి. ఎందుకంటే ఇన్నేళ్ళలో దాన్ని అన్యాయమని అన్నవాళ్ళు నాకు కనబడలేదు. "పాపం, ఇల్లు నిలబెట్టింది" అన్నారు అందరూ. పొగిడి నోరు మూయించడం మనవాళ్ళకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదు.

మాది ముంబై పక్కన భివండి. మా పెద్దలు తెలంగాణలో చేతిమగ్గం విడిచిపెట్టి ఇక్కడి కరెంటు మగ్గాల మీదికి వచ్చారు. వాటిని మేం సాంచాలంటాం. నాగావ్‌లో మా ఇల్లు, అక్కవాళ్ళ ఇల్లు ఒకే గోడకు రెండు పక్కల ఉండేవి. గోడ అవతల సాంచా నడిస్తే మా ఇంట్లో గిన్నెలు వణికేవి. నేను మరాఠీ బడిలో నాలుగు తరగతులు చదివి సాంచాలకు కావలసిన నూలు కండెలు చుట్టడానికి కూర్చున్నవాణ్ణి. తెలుగు మాత్రం కిరాణా పొట్లాల కాగితాలు కూడబలుక్కుంటూ నా అంతట నేనే నేర్చుకున్నాను. కాబట్టి ఈ రాతలో అక్షరాలు తప్పుపోతే పోవచ్చు, కోపం తప్పుపోలేదు.

అప్పటికే రెండు రకాల నర్సులుండేవారు, ఇప్పటికీ ఉన్నారు. చిన్న నర్సు చదువు రెండేళ్ళు. సూదులు వేయాలి, కాన్పులు చూడాలి, పైవాళ్ళు చెప్పింది చేయాలి. పెద్ద నర్సు చదువు మూడేళ్ళ పైమాట. చదివినామెకు వార్డు అప్పగిస్తారు, డాక్టరు కూడా ఆమెను అడిగి మాట్లాడతాడు. అక్క పెద్దదే చదువుతానంది. వాళ్ళ బాపు, నేను కాకా అని పిలిచే ఆయన, వద్దనలేదు. "ముందుగాల చిన్నది చెయ్యి బిడ్డా. ఇంట్ల ఇంత అన్నమస్తది. తర్వాత పెద్దది చదువుదువు, ఎవలు వద్దంటున్నరు?" అన్నాడు. అక్క తర్వాత ఇంకా నలుగురు పిల్లలు ఆ ఇంట్లో. ఆయన మాట అన్యాయంగా ఏమీ వినబడలేదు. అన్యాయం ఎప్పుడూ అలాగే ఉంటుంది, న్యాయమైన మాట తొడుక్కుని వస్తుంది.

అక్క చిన్నది చదివి ఒక దవాఖానలో చేరింది. ఇక ఆ తర్వాత అన్నది రాలేదు. ఒక ఏడు సాంచా మోటారు కాలిపోయింది. ఒక ఏడు వానకు రేకులు లేచిపోయాయి. ఒక ఏడు కాకాకే జబ్బు చేసింది. ఏటా "గీ ఒక్క ఏడు ఆగు బిడ్డా" అనేవాడు. పెద్ద చదువుకు వయసు హద్దు ఉంటుంది. అక్కకు అది దాటిపోయే ఏడు రానే వచ్చింది.

పెద్ద చదువులో చేరడానికి ఆఖరి రోజున అక్క తెల్లచీర కట్టుకుని, చేతిలో సంచితో కాకా సాంచా ఉన్న షెడ్డులోకి వచ్చింది. అప్పట్లో మాకు రైలు లేదు, ఆ చదువు ఉన్న ఠాణే ఊరికి ఎస్టీ అనే సర్కారు బస్సే దిక్కు. భోజనాల వేళ. మిగతా సాంచాలన్నీ ఆగి కాకాది ఒక్కటే నడుస్తోంది. నేను పక్కన కూర్చుని కండెలు సర్దుతున్నాను. అక్క ఆయన చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. సాంచా మోతలో మాట్లాడాలంటే అలాగే మాట్లాడాలి. ఆయన సాంచా మీంచి చూపు తీయకుండా ఒక వేలు ఎత్తి చూపించాడు. ఒక్క ఏడు అని. ఆ వేలు మాకందరికీ అలవాటే.

ఇక్కడ మా పని సంగతి ఒకటి చెప్పాలి. సాంచా వెనక బీము అనే లావుపాటి రోలరుకు పడుగు దారాలు, అంటే నిలువు దారాలు, చుట్టి ఉంటాయి. అవి ముందున్న సూదికన్నుల్లాంటి సన్నని కళ్ళలోంచి, దువ్వెనలాంటి పన్నెలోంచి వచ్చి బట్ట అవుతాయి. బీము అయిపోవస్తుంటే తెలిసినవాడు ముందే ఆపేస్తాడు. పాత దారాల కొసలు కళ్ళలోనే ఉండగా, వేళ్ళకు బూడిద అద్దుకుని కొత్త దారాలను వాటికి ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతాం. అలా చేస్తే తొందరగా పని మొదలవుతుంది. ఆశపడి చివరిదాకా నేస్తే కొసలు జారిపోతాయి. అప్పుడు కొత్త దారాన్ని దేనికి అతకాలి? ప్రతి పోగునూ మళ్ళీ మొదటినుంచి కంట్లో దూర్చుకుంటూ రావాలి. సాంచా రోజుల తరబడి మూగగా నిలబడుతుంది.

ఆరోజు కాకా ఇంకొక్క గజం నేద్దామని ఆశపడ్డాడు. బీము ఖాళీ అయిందని నాకే కనబడింది. ఆయనకు చెబుదామని లేచాను. అక్క నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. "ఆగు. చూడు" అని పెదాలతో అంది. చూశాను. కొసలు కళ్ళలోంచి జారి, ఒక్కసారిగా వాలిపోయాయి. కాకా బూతులు తిడుతూ సాంచా ఆపాడు. అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో నేనెప్పుడూ వినలేదు.

"చూసుకుంట నిలబడ్డవా? ఒక్కమాట చెప్పద్దా?" అని అక్క మీద విరుచుకుపడ్డాడు.

"ఇంకొక్క గజం, ఇంకొక్క గజం అంటివి గద బాపూ. ఇగ ఏడ అతుకుతవు?"

కాకా ఆమె చేతిలో సంచివైపు చూశాడు. ఆయనకు అర్థమైంది. అర్థమైనా తలుపు వైపు దారి చూపలేదు. జారిన దారాల వంక చూశాడు, ఆ తర్వాత మళ్ళీ అక్క వంక చూశాడు. అక్క సంచిని మేకుకు తగిలించి, చీర కుచ్చెళ్ళు దోపుకుని సాంచా కింద కూర్చుంది. నేను వెనకనుంచి పోగు అందించాను, ఆమె కంట్లో దూర్చింది. బస్సు హారన్ వినబడినప్పుడు ఆమె చేయి ఒక క్షణం ఆగింది.

"నిన్ను ఎవలు ఆపిన్రక్కా?" అని అడిగాను.

"పోగందియ్యిరా" అంది.

పెద్దవాణ్ణయ్యాక కూడా అదే మాట అడిగాను. నవ్వేది. చెప్పకుండానే పోయింది.

ఇప్పుడు నా మనవరాలు. పన్నెండో తరగతి పాసై గైబీ నగర్‌లో ఒక దవాఖానలో చీటీలు రాస్తోంది. నా కొడుకు నడిపే సాంచాలను సేటు తుక్కుకు అమ్మేసి షెడ్డును గోదాముకు ఇచ్చాడు. కొడుకు అందులోనే మూటలు మోస్తున్నాడు, మోకాళ్ళు అరగదీసుకుంటూ. పిల్లకు రెండు నర్సు చదువుల్లోనూ సీటు వచ్చింది. చిన్నది ఇక్కడే, పొద్దున చదువు, సాయంత్రం దవాఖాన పని చేసుకోవచ్చు. పెద్దదానికి వసయి పోవాలి. భివండి రోడ్ స్టేషన్‌కు ఆటోలో వెళ్ళి, వచ్చేవే కొన్ని రైళ్ళు, వాటి కోసం కాచుకోవాలి. ఇక పని మాట మరిచిపోవాలి.

నేను ఊరుకోలేదు. వారమంతా ఇంట్లో అరిచాను. అక్క కథ చెప్పాను, జారిన కొసల సంగతి చెప్పాను. "వయసున్నప్పుడే పెద్దది చదవాలె" అన్నాను.

"ఇల్లెట్ల నడుస్తది తాతా?" అంది పిల్ల.

"నేను మళ్ళ కండెలు చుడత."

"ఏ సాంచాకు చుడతవు? గోదాంల డబ్బాలకా?" అంది. చిన్న మనవడు పకపకా నవ్వాడు. కొడుకు కంచంలోంచి తల ఎత్తి పిల్ల వంక చూశాడు. కోడలు నా బీపీ గోళీ తెచ్చి చేతిలో పెట్టింది. నేను దాన్ని వేసుకుని నీళ్ళు తాగి, పిల్ల వంక చూశాను.

చేరడానికి ఆఖరి రోజున పిల్ల పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నానికే తిరిగివచ్చింది. వసయి పోయి వచ్చేంత పొద్దు గడవలేదు. చెప్పులు విప్పుతున్న దాని ఎదురుగా నిలబడి, అరవై ఏళ్ళుగా నా దగ్గరున్న ఆ మాటే అడిగాను: నిన్ను ఎవలు ఆపిన్రు? అది నా చేయి పట్టి మంచం మీద కూర్చోబెట్టింది. లోపల వాళ్ళ బాపు ఉన్నాడని తెలిసే గొంతు కొంచెం పెంచి చెప్పింది.

"ఎవ్వలు ఆపలె తాతా. అందరు నా దిక్కు చూసిన్రు, గంతే. నువ్వు గూడ చూసినవ్. చిన్నదాన్లనే చేరిన. రెండేండ్లయినంక పెద్దదాన్ల చేరుత. అప్పుడు మాత్రం ఇంకొక్క గజమని ఎవ్వలు నన్ను అడగకుండ్రి."