మామ ఎంచి ఇచ్చిన టైర్లు

ప్రొద్దుటూరులో టైర్ల షాపు నడిపే ఒకాయనను నేను మామా అని పిలిచేవాడిని. మాకు చుట్టరికం ఏమీ లేదు. చదువు అబ్బక ఊరికే తిరుగుతున్న నన్ను మా నాయన తీసుకుపోయి ఆయన చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి నాకు పెళ్లయ్యేదాకా ఆ షాపే నా ఇల్లు. మధ్యాహ్నం సంగటి వాళ్లింట్లోనే. అత్త, అంటే ఆయన భార్య, తన కొడుకులకు పెట్టినట్టే నాకూ పెట్టేది.

టైర్ల గురించి నాకు తెలిసినదంతా మామ నేర్పిందే. ఏ టైరు వేయాలో బండిని చూసి కాదు, అది మోసే సరుకును చూసి చెప్పాలనేవాడు. జమ్మలమడుగు వైపు నాపరాళ్లు తోలే బండికీ పులివెందుల చీనీకాయలు, అదే బత్తాయిలు, తోలే బండికీ ఒకటే టైరు అంటగట్టేవాడు కాదు. ఎంత బరువు మోస్తుందో టైరు పక్కనే అచ్చువేసి ఉంటుంది, అది చదివి చెప్పమనేవాడు. గాలి విషయంలో మరీ పట్టుదల. ఎండలో తిరిగొచ్చిన చక్రానికి గాలి కొలిస్తే గేజీ ఎక్కువ చూపిస్తుంది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే చూడాలి. లోడు ఎక్కేముందు వెనక చక్రాలకు పెంచాలి. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు తగ్గించకపోతే గతుకుల్లో బండి కుప్పిగంతులు వేస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం తేదీ. టైరు ఏ వారంలో, ఏ సంవత్సరంలో తయారైందో చెప్పే నాలుగంకెలు ఒకవైపే ఉంటాయి. ఏళ్ల తరబడి షాపులో పడి ఉన్న టైరు పైకి కొత్తగానే మెరుస్తుంది కానీ లోపల రబ్బరు చచ్చిపోయి ఉంటుంది. అందుకే ఆ అంకెలున్న వైపు బయటికి వచ్చేలా బిగించడం మా షాపు పద్ధతి. ఒకసారి నేను తొందరలో లోపలికి తిప్పి బిగిస్తే, బండాయన చూస్తుండగానే మామ మళ్లీ విప్పించాడు.

"కొన్నోనికి కనపడకుండా పెడ్తే దొంగసరుకు అమ్మినట్టేరా," అన్నాడు.

పెళ్లయిన తర్వాత నాకు సొంత బండి మీద మనసు పోయింది. పెద్ద పికప్ ఒకటి సెకండ్ హ్యాండులో దొరికింది. ఇంజను బాగుంది, టైర్లు మాత్రం గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. నేరుగా మామ దగ్గరికి తోలుకుపోయాను. ఆయన బండి చుట్టూ తిరిగి, వెనక బరువు మోసే కమాను బద్దలు తట్టి చూసి, ఏం సరుకు తోలుతావని అడిగాడు. ఎక్కువగా చీనీ, అప్పుడప్పుడు రాళ్లు అని చెప్పాను. బరువుకు తగినవి తానే ఎంచి వేస్తానన్నాడు. నేను లీవరు అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఈరోజు నువ్వు పనోనివి కాదు, బండి ఓనరువి. ఇంటికి పోయి అన్నం తినిరాపో. మీ అత్త ఎదురుచూచ్చాంటాది."

మోకాళ్ల నొప్పులతో చాలాకాలంగా కింద కూర్చోవడమే మానేసిన మనిషి నా బండి కోసం కూర్చున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూ నడిచాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను తిరిగొచ్చేసరికి నాలుగు చక్రాలూ బిగించి, టెంకాయ కొట్టి, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి ఉంచాడు. నేను ముందు చక్రం దగ్గర వంగి తేదీ చూశాను. ఆ ఏడాదిదే. లేచి ఆయన కాళ్లకు మొక్కాను.

ఆ తర్వాత పని బాగానే సాగింది. పులివెందుల పక్క పల్లెలో చీనీతోట ఉన్న ఒక పెద్దాయన తన కాయలన్నీ నా బండిలోనే వేయించేవాడు. మెల్లగా తోలుతాను, కాయ నలగదు అని ఆయనకు నమ్మకం. తరచూ నా పక్కనే కూర్చుని మార్కెట్టుదాకా వచ్చేవాడు.

ఒకరోజు జమ్మలమడుగుకు లోడు, పెద్దాయన కూడా నా పక్కనే ఎక్కాడు. పొద్దున్నే గాలి చూసుకున్నాను. ముందర నలభై, వెనక అరవై ఐదు. బండి తలుపు దగ్గర అంటించిన కాగితంలో ఉన్నంతే. కాయలు కూడా మోయగలిగినంతే వేశాం. ముద్దనూరు ఇంకా రాలేదు, ఎండ ముదురుతోంది. వెనక ఎడమవైపు తుపాకీ పేలినట్టు చప్పుడైంది. స్టీరింగు చేతిలోంచి గుంజుకుపోయింది. బ్రేకు మీద కాలు వేయకుండా ఎంత పట్టి చూసినా బండి దావ దిగి కంపచెట్లలోకి పోయి ఒరిగింది. కాయలు చేనంతా దొర్లాయి. పెద్దాయన తలుపుకు కొట్టుకుని ఎడమచెయ్యి విరగ్గొట్టుకున్నాడు.

ఆయనను ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. నొప్పితో మూలుగుతూ ఆయన అడిగిందొక్కటే, గాలి సరిగా చూసుకున్నావా లేదా అని. చూసుకున్నానన్నాను. ఆయన ముఖం అటు తిప్పుకున్నాడు.

వరండాలోకి వచ్చి మామకు ఫోన్ చేశాను. ఆ సమయంలో నాకు గుర్తొచ్చిన మనిషి ఆయనే. జరిగింది చెప్పాను. దెబ్బలు తగిలాయా అని అడుగుతాడనుకున్నాను.

"గాలి ఎంత పెట్టింటివి?" అన్నాడు.

చెప్పాను. నా గేజీ తప్పు చూపిస్తుందేమో అన్నాడు, లోడు ఎక్కువైందేమో అన్నాడు. అవతల పెద్దాయనకు కట్టు కడుతుంటే నేను గోడకు ఆనుకుని నన్ను నేనే తిట్టుకున్నాను. నిజంగా గేజీ చెడిపోయిందేమో, నా చేతులతో నేనే ఆ మనిషి చెయ్యి విరిచానేమో అనిపించింది.

మర్నాడు ఆ చక్రం విప్పి ముద్దనూరులో పంచరు షాపుకు తీసుకుపోయాను. అక్కడి గేజీతో నా గేజీని సరిచూశాను. తేడా లేదు. టైరు రిమ్ము నుంచి ఊడదీసి తిప్పాను. పక్కలు చేత్తో నొక్కితే పెళుసుగా, పగుళ్లు పగుళ్లుగా ఉన్నాయి. లోపలివైపు నాలుగంకెలు కనిపించాయి. ఏడేళ్ల నాటి టైరు.

బండి దగ్గరికి తిరిగిపోయి రెండో వెనక చక్రం కిందికి దూరి చూశాను. అదీ అంతే. ఏడేళ్ల నాటిదే, తేదీ లోపలికి తిప్పి ఉంది. ముందరి రెండూ కొత్తవి, వాటి తేదీ బయటికి. ఒక్కటే అయితే పొరపాటు అనుకునేవాడిని. నేను మొదట ఎక్కడ వంగి చూస్తానో తెలిసిన మనిషి చేసిన పని ఇది. అన్నం తినిరమ్మని ఎందుకు పంపాడో అప్పుడు అర్థమైంది. బండి కిందే, ఆ మట్టిలోనే చాలాసేపు పడుకుని ఉన్నాను. లేవాలనిపించలేదు.

పగిలిన టైరును బస్సు మీద వేసుకుని ప్రొద్దుటూరు పోయి షాపు ముందు దించాను. మామ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. కాదనలేదు. పనివాళ్లను టీకి పంపి కూర్చోమన్నాడు. నేను నిలబడే ఉన్నాను. ఎందుకు చేశావని అడిగాను. ఆ రెండు టైర్లు శానా కాలంగా అమ్ముడుపోక గోడౌనులో పడి ఉన్నాయట. చీనీ బరువుకు ఇంకో రెండేళ్లు లాగుతాయనుకున్నాడట.

"మరి నాకే ఎందుకు వేచ్చివి? రోజూ ఇంతమంది వచ్చాంటారు కదా."

ఆయన కళ్లెత్తలేదు.

"బయటోనికి వేచ్చే, షాపు మీదికొచ్చి గలాటా చేస్తాడు. నువ్వయితే మనోనివి, ఏమనవులే అనుకుంటి."

చెయ్యి విరిగిన మనిషి గురించి అడిగితే, దానికి తానేం చేయగలడన్నాడు. కొత్తవి రెండు తీసుకుపొమ్మన్నాడు, ఇప్పుడే తానే బిగిస్తానన్నాడు. వద్దన్నాను. టైరు అక్కడే వదిలేసి వచ్చేశాను. అత్త మేడ మీది నుంచి అన్నం తినిపొమ్మని పిలిచింది. వినపడనట్టు నడిచాను. ఆమెకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదనే అనుకుంటాను.

అక్కడితో ఆగి ఉంటే ఎలాగో మరిచిపోయేవాడినేమో. కొన్నాళ్లకు జమ్మలమడుగులో బండ్ల స్టాండు దగ్గర ఒక డ్రైవరు నవ్వుతూ పలకరించాడు. టైర్ల షాపులో అన్నేళ్లు పనిచేసి గాలి పట్టించుకోకుండా బండి పడేసుకున్నావంట కదా అని. ఎవరు చెప్పారంటే మామ పేరే చెప్పాడు. షాపుకు వచ్చిన వాళ్లందరికీ ఆయనే చెబుతున్నాడట, ఎంత నేర్పినా వానికి పని అబ్బలేదని. నేను జరిగింది చెప్పాను. ఆ డ్రైవరు విన్నాడు గానీ నమ్మలేదు. ప్రొద్దుటూరులో ఆ షాపుకున్న పేరు అలాంటిది.

పెద్దాయన దగ్గరికి కూడా పోయి అంతా చెప్పాను. చెయ్యి మెడకు వేలాడేసుకుని అరుగు మీద కూర్చుని ఓపికగా విన్నాడు.

"నీ మాట అబద్ధమనను నాయనా," అన్నాడు. "కానీ ఆ బండి ఎక్కాలంటే నాకు బయమైతాంది."

ఆ ఏటి కాపు కాయలు వేరే బండిలో పోయాయి. ఆయనను తప్పు పట్టలేను. నేను జమ్మలమడుగులో ముక్కూ మొహం తెలియని వాడి దగ్గర టైర్లు కొన్నాను. ప్రతి టైరూ రెండు వైపులా చూసి, బిగించేదాకా పక్కనే నిలబడ్డాను. ఇంత అనుమానమేందప్పా అని షాపాయన విసుక్కున్నాడు. చీనీ పోయినందుకు ఇప్పుడు ఎక్కువగా నాపరాళ్లే తోలుతున్నాను.

ఈ మధ్య బైపాసు పెట్రోలు బంకులో మామ ఎదురయ్యాడు. స్కూటరు పక్కన పెట్టి కుంటుతూ నా బండి దగ్గరికి వచ్చాడు. చక్రాల వైపు చూడలేదు. షాపు వైపు రావడమే మానేశావే అన్నాడు, ఏమీ జరగనట్టు.

"రాను మామా," అన్నాను.

ఆయన కుంటుతూ స్కూటరు దగ్గరికి తిరిగిపోయాడు. డీజిలు నింపుకుని బయల్దేరాను. నోటికి అలవాటైన ఆ పిలుపు ఆయన ముందు ఎందుకు వచ్చిందా అని ఎర్రగుంట్ల దాటేదాకా నా మీద నాకే కోపం తగ్గలేదు.