బూట్లు తొడగని హాఫ్‌బ్యాక్

1955వ సంవత్సరం. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రెండేళ్లు కావస్తోంది. అప్పట్లో ప్రొద్దుటూరులో ఒక నూనె మిల్లు వాళ్లకు ఫుట్‌బాల్ క్లబ్బు ఉండేది. మా ఆయన ఆ క్లబ్బు మైదానానికి మాలీ. ఆయన పోయాక ఆ పని నాకిచ్చారు. సున్నంతో గీతలు గీయడం, గోలు వలకు చిరుగులు కుట్టడం, తోలు బంతికి గాలి కొట్టించి లేసు బిగించడం, ఆటగాళ్ల బట్టలు ఉతకడం, ఆట రోజు అందరికీ అన్నం వండటం నా పనులు. నేను చదివింది మూడో తరగతి. ఫుట్‌బాల్ గురించి నాకెవరూ పాఠం చెప్పలేదు.

అయినా ఆ క్లబ్బుకు ఏ ఆటగాణ్ణి తీసుకోవాలో కొన్నేళ్లు నేనే చెప్పాను. ఈ మాట చెబితే మా మనవరాళ్లు నవ్వుతారు. అందుకే అది ఎలా జరిగిందో ముందు రాస్తాను.

గీతలు గీసి ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. వల కుడుతూ ఆట చూసేదాన్ని. అందరూ బంతి వెంట చూస్తారు. ఎవరి నిక్కరుకు ఎక్కడ మట్టి అంటిందా అని నేను చూసేదాన్ని, ఎందుకంటే మరుసటి రోజు దాన్ని వదలగొట్టాల్సింది నేనే. ప్రొద్దుటూరు రేగడి మట్టి అంత సులభంగా వదలదు. అలా చూడగా చూడగా ఒక సంగతి తెలిసింది. మా జట్టులో మధ్యన ఆడేవాళ్ల బట్టలు ఆట అయిపోయాక కూడా పెళ్లికి పోవచ్చు అన్నంత శుభ్రంగా ఉండేవి. ఒకరోజు సెక్రటరీ రాఘవయ్యతో అన్నాను.

"సార్, మన నడిమి మనుషులు ఆడతాండారా, ఆట సూడను వచ్చినారా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. తర్వాత వరసగా రెండు ఆటలు మధ్యలోంచే ఓడిపోయాం. మూడో ఆట రోజు ఆయనే స్టూలు తెచ్చుకొని నా పక్కన కూర్చున్నాడు. "చెప్పు నాగమ్మా, ఇంకేం కనపడతాంది నీకు?" అన్నాడు.

మధ్యన ఆడేవాణ్ణి అప్పుడు హాఫ్‌బ్యాక్ అనేవాళ్లు. ఇప్పుడు డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ అంటున్నారట. ముందువాళ్లు గోలు కొడతారు, వెనకవాళ్లు గోలు కాపాడతారు. అవతలి జట్టు బంతి మన వెనకవాళ్ల దాకా రాకముందే దాన్ని దారిలో ఆపి, మన ముందువాళ్లకు అందించేవాడు హాఫ్‌బ్యాక్. అతను బాగా ఆడిన రోజు చప్పట్లు ఇంకొకరికి పడతాయి. అందుకే మంచి హాఫ్‌బ్యాక్ దొరకడం కష్టం. చప్పట్లు పడని పనిలో కుర్రవాళ్లు నిలవరు.

జమ్మలమడుగు నా పుట్టినిల్లు. పులివెందులలో మా ఆడబిడ్డ ఉండేది. చుట్టపుచూపుగా పోయినప్పుడు అక్కడి ఆటలు చూసి రమ్మని సెక్రటరీ నాకు చెప్పాడు. మైదానం పక్కన గోడ నీడలో ఒక ఆడమనిషి కూర్చొని వేరుశనగకాయలు ఒలుచుకుంటుంటే ఎవరు పట్టించుకుంటారు? అలా ఆ ఎండాకాలంలో ఇద్దరిని చూశాను.

పులివెందులలో మస్తాన్. పరుపులు కుట్టే ఇంటివాడు, పందొమ్మిదేళ్లు, మంచి ఒళ్లు. బంతి ఎదుటివాని కాలి దగ్గర ఉండగానే దూకి లాక్కునేవాడు. దాన్ని ట్యాకిల్ అంటారు. అతను ట్యాకిల్ చేసినప్పుడల్లా జనం ఈలలు వేసేవాళ్లు.

జమ్మలమడుగులో ఓబులేసు. మగ్గం ఇంటివాడు, అంతే వయసు, సన్నగా ఉంటాడు. అతను దూకడు. బంతి తెచ్చేవానికి ఎదురుగా పోయి, రెండు అడుగుల దూరంలో నిలబడి వెనక్కి వెనక్కి నడుస్తాడు. వచ్చేవాడు ఎటు పోవాలో తోచక ఒక్క క్షణం తడబడతాడు. ఆ క్షణంలో ఓబులేసు కాలు చాపి బంతి తీసుకుంటాడు. కింద పడడు, ఎవరినీ పడేయడు. నేను మూడు ఆటలు చూశాను. మూడింట్లోనూ ఎవరూ అతనికి చప్పట్లు కొట్టలేదు, అతని జట్టు మీద ఒక్క గోలు కూడా పడలేదు.

సెక్రటరీకి ఇద్దరి పేర్లూ చెప్పి, నా ఎంపిక ఓబులేసే అన్నాను. క్లబ్బులో ఒక్క చోటే ఖాళీ ఉంది. సైనింగ్ అంటే క్లబ్బు తరఫున ఆడతానని కాగితం మీద సంతకం చేయడం. సంతకం చేసినవానికి మిల్లులో ఉద్యోగం వస్తుంది. ఓబులేసు ఇంట్లో ఒకే మగ్గం, దాని మీద అయిదుగురు. ఆ సంతకం వాళ్లకేమిటో నాకు తెలుసు. ఇద్దరినీ ట్రయల్‌కు, అంటే ఆడించి చూడటానికి, ఆగస్టు నెలాఖరులో పిలిపించాం. మిల్లు యజమాని కూడా చూడటానికి వస్తున్నాడు.

అవి మొహర్రం నెల, పీర్ల పండుగ రోజులు. మా వైపు పీర్లకు మొక్కుకోవడానికి సాయిబులే కానక్కరలేదు. ఓబులేసు తల్లి చిన్నక్కకు ముందు పుట్టిన ముగ్గురు దక్కలేదు. నాలుగోవాడు బతికితే ఏటా పీర్ల కాలంలో ఫకీరును చేస్తానని మొక్కుకుంది. ఫకీరైనవాళ్లు మెడలో దారం వేసుకుంటారు, మాంసం ముట్టరు, పదోనాడు పీర్లు నీళ్లకు పోయేదాకా కాలికి ఏదీ తొడగరు. ఆ రోజు ఓబులేసు మెడలో దారంతో వచ్చాడు. ఇవతల క్లబ్బు నియమం ఏమిటంటే ట్రయల్ బూట్లతోనే ఆడాలి. అప్పటికి పల్లెల్లో అందరూ వట్టి కాళ్లతోనే ఆడేవాళ్లు, బూట్లు మా క్లబ్బే ఇచ్చేది.

బూట్ల జత అతని ముందు పెట్టాను.

"వద్దక్కా. పదోనాడు దాటినాక ఏసుకుంటా."

"బూట్లు చెప్పులా ఏంది? ఆటవి. దేవుడేమీ అనుకోడులే."

"అవీ తోలే గదక్కా. మాయమ్మ మొక్కు. ఐదు దినాలు ఆగు, నువ్వు యాడికి రమ్మంటే ఆడికొస్తా."

పక్కన మస్తాన్ తన బూట్లకు లేసులు కట్టుకుంటున్నాడు. రెండు రోజులు ముందే వచ్చి వాటితో నడక నేర్చుకుంటున్నాడు. అతనే తల ఎత్తి సెక్రటరీతో అన్నాడు. "ఆగండి సార్, ఐదు దినాలే గదా. ఈ బూట్లతో నాకే నడక రాల్యా, ఎనుబోతు మాదిరి నడుస్తాండా. నేను గూడా నేర్చుకుంటా."

"నీ జాగా పోతాదిరా పిచ్చోడా," అన్నాను నేను.

"పోతే పోనీలే అక్కా. నేను సాయిబును బూట్లేసుకొని, ఈయప్ప మా పీర్లకు వట్టికాళ్లతో ఉంటే నాకే సిగ్గైతాంది."

అందరూ నవ్వారు. సెక్రటరీ కూడా మెత్తబడ్డాడు. "ఐదు దినాలే గద నాగమ్మా, ఆగుదామా? నువ్వేమంటావు?" అన్నాడు.

ఇక్కడ నేను చేసింది దాచకుండా రాయాలి. ఆకాశం మబ్బు పట్టి ఉంది. వాన పడితే రేగడి నేల పది రోజుల దాకా కాలు పెట్టనివ్వదు. పొద్దున్నే గీసిన సున్నమంతా పోతుంది. వండిన అన్నం, పిలిచిన మనుషులు, అన్నీ వృథా. వృథా అనే మాట నాకు సరిపడదు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. యజమాని కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఓబులేసును వెతికింది నేను. ఆ ఆట ఆయన ఆ రోజే చూడాలని నాకు ఆశ.

"వట్టికాళ్లతో ఆడనీండి సార్. పుట్టినప్పటినుంచి అట్లనే ఆడినాడు," అన్నాను.

సెక్రటరీ ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసు నా వైపు చూశాడు. "నువ్వు జెప్తే ఆడతా అక్కా," అన్నాడు. బూట్లు వేసుకోను అన్నవాడు ఆ మాటకు మాత్రం వద్దనలేకపోయాడు.

అరగంట ఆడాడు. ఈనాటికీ నేను అంతటి ఆట మళ్లీ చూడలేదు. చుట్టూ అందరికీ బూట్లు, మధ్యలో అతనొక్కడు నేల మీద చెయ్యి పెట్టి తడిమినట్టు కాళ్లతో ఆడుతున్నాడు. మా క్లబ్బు ముందువాళ్లు పాత ఆటగాళ్లు. వాళ్లు తెచ్చిన బంతి ఒక్కటీ అతన్ని దాటలేదు. యజమాని కుర్చీ ముందుకు జరుపుకొన్నాడు. సెక్రటరీ జేబులోంచి సైనింగ్ కాగితం తీసి పేరు రాయడం మొదలుపెట్టాడు. నేను చూశాను.

అవతలి పక్షాన ఆడుతున్న మస్తాన్ అప్పుడే బంతి కోసం దూకాడు. పులివెందులలో ఎలా దూకేవాడో అలాగే దూకాడు. కానీ కాలికి ఉన్న బరువు అతని లెక్కకు అందలేదు. బూటు అడుగున తోలు గుబ్బలు మేకులతో కొట్టి ఉంటాయి, వాటిని స్టడ్స్ అంటారు. అవి బంతి మీద పడకుండా ఓబులేసు కుడిపాదం మీద పడ్డాయి. ఆ చప్పుడు గీత దగ్గరున్న నాకు వినపడింది.

ఓబులేసు కూర్చుండిపోయి పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. మస్తాన్ అక్కడికక్కడే బూట్లు పీకి పారేసి, అతన్ని భుజాన వేసుకొని బండి దాకా మోశాడు. దారిపొడుగునా "జెప్తి గదా సార్, ఆగండని జెప్తి గదా," అంటూ ఏడ్చాడు. ఆ మాట సెక్రటరీతో అన్నాడు కానీ తగలాల్సింది నాకు.

జమ్మలమడుగు ఆసుపత్రిలో పట్టీ వేశారు. పాదంలో రెండు ఎముకలు విరిగాయి, అతుక్కుంటాయి కానీ వేళ్లు వంగవు అన్నాడు డాక్టరు. సగం పేరు రాసిన కాగితం సెక్రటరీ చింపేశాడు. ఆడకపోయినా మిల్లులో ఏదో ఒక పని ఇవ్వమని యజమానిని అడిగాను. "ఆడేవానికే ఉద్యోగమమ్మా. ఇట్లా ఇచ్చుకుంటా పోతే మిల్లు సత్రమైతాది," అన్నాడు. రెండోసారి అడగలేదు. అడిగి ఉండాల్సింది. ఆ చోటు మస్తాన్‌కు ఇచ్చారు. నెల రోజులు సంతకం చేయనన్నాడు. చివరికి వాళ్ల నాయన తీసుకొచ్చి చేయించాడు.

పీర్లు నీళ్లకు పోయిన మూడోనాడు నేను జమ్మలమడుగు పోయాను. చిన్నక్క రాట్నం ముందు కూర్చొని కండెలకు నూలు చుడుతోంది. ఓబులేసు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మగ్గం గుంటలో ఎవరూ లేరు. ఆ గుంటలో రెండు తొక్కుడు చెక్కలుంటాయి, పాదాలతో మార్చి మార్చి తొక్కితేనే నేత సాగుతుంది. అది చూశాక గాని నాకు పూర్తిగా అర్థం కాలేదు. నేను అతనికి ఆట ఒక్కటే పోగొట్టలేదు.

"చిన్నక్కా, తప్పు నాది. వాడు వద్దన్న్యాడు. నేనే ఆడమన్న్యా," అన్నాను.

ఆమె రాట్నం ఆపలేదు. తిట్టి ఉంటే నాకు సుళువుగా ఉండేది. చివరికి నూలు తెగితే ముడివేస్తూ అడిగింది.

"నేనెప్పుడూ మావాని ఆట సూడలేదక్కా. ఆడోళ్లం మైదానానికి యాడ పోతాం? నువ్వు సూసినావు గదా. ఎట్లా ఆడినాడు?"

చెప్పాను. మొదటి బంతి ఎటునుంచి వచ్చింది, ఎలా ఎదురుపోయాడు, ఎక్కడ ఆగాడు, ఎవరికి అందించాడు, అన్నీ చెప్పాను. ఆమె మధ్యమధ్యలో "అప్పుడు?" అంటూ వచ్చింది. నేను నాలుగో బంతి దగ్గర ఉండగా గోడవైపు నుంచి ఓబులేసు గొంతు వినిపించింది.

"అది నేను తీసుకోల్యా అక్కా. వాడే జారినాడు. లేనిది జెప్పొద్దు."

"సరేలే, జారినాడు," అన్నాను. చిన్నక్క అప్పుడు నవ్వింది. నవ్వి, కొంగు కళ్లకు అద్దుకుంది.

ఏడాది తర్వాత ఓబులేసు మగ్గంలో కూర్చున్నాడు. రెండు చెక్కలూ ఎడమకాలితోనే తొక్కడం నేర్చుకున్నాడు. అందరి కంటే నెమ్మదిగా నేసేవాడు. నేను జమ్మలమడుగు పోయినప్పుడల్లా పలకరించేవాడు, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మస్తాన్ ఏడేళ్లు మా క్లబ్బుకు హాఫ్‌బ్యాక్‌గా ఆడాడు. ఆ ఏడేళ్లలో మళ్లీ ఎవరి మీదా దూకలేదు. ఎదురుపోయి నిలబడటం నేర్చుకున్నాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నేను అడగలేదు.

ఆ తర్వాత కూడా సెక్రటరీ కొత్తవాళ్లను చూసిరమ్మని పంపేవాడు, నేను పోయేదాన్ని. పని మానుకుంటే తప్పు చెరిగిపోదు. కానీ ఒక పద్ధతి మార్చుకున్నాను. ఎవరి పేరైనా చెప్పే ముందు ఆ ఇంటికి పోయి, ఆ కుర్రవాణ్ణే కూర్చోబెట్టి, "మేము అడిగినా నువ్వు చేయనిది ఏముందిరా?" అని అడిగేదాన్ని. కొందరు శుక్రవారం ఆడబోమన్నారు. ఒకడు తన అన్న అవతలి జట్టులో ఉంటే ఆడనన్నాడు. ఒకడు వరికోతల్లో రానన్నాడు. సెక్రటరీ విసుక్కునేవాడు. నేను ఆ మాటలన్నీ అలాగే చెప్పి, దానికి ఒప్పుకుంటేనే పిలవమనేదాన్ని.

అప్పటిదాకా నేను ఆటగాని కాళ్లు చూడటమే పని అనుకున్నాను. వాడు వద్దన్న మాట కూడా వినాలి. పెద్దవాళ్లం ఒత్తిడి చేస్తే వాళ్లు సరే అంటారు. ఆ సరే నమ్మదగింది కాదు.