హుస్సేనీ ఆలంలో ఆఖరి వరఖ్, నా లాప్‌టాప్‌లో తెరుచుకోని ఫొటోలు

హనుమకొండలో మా వీధి మిఠాయి కొట్టాయన కాజూ కట్లీ మీద వెండి వరఖ్ అతికిస్తూ ఒకరోజు మాటల్లో అన్నాడు, చేత్తో కొట్టిన వరఖ్ ఇక దొరకదని. హైదరాబాద్ పాతబస్తీలో ఆయనకు వరఖ్ పంపే అన్నదమ్ములిద్దరూ ఆ ఆదివారంతో పని ఆపేస్తున్నారట. పెద్దాయన భుజం పాడైంది, మిషన్ వరఖ్ సగం ధరకే వస్తోంది. నేను అప్పటికి పది రోజుల కిందటే, రెండేళ్లు కూడబెట్టుకుని, కొత్త కెమెరా కొన్నాను. ఇంతకన్నా మంచి సందర్భం ఏముంటుందని బయలుదేరాను. ఫొటోల కోసం పాతబస్తీకి వెళ్లాలనుకునేవాళ్లు చదవాలని ఇది రాస్తున్నాను. కోపంగా రాస్తున్నాను, ముందే చెబుతున్నాను.

ఆ ఆదివారం పొద్దున ఐదింటి బస్సు ఎక్కితే తొమ్మిది కాకముందే ఇమ్లీబన్ బస్టాండులో దిగాను. అక్కడినుంచి చార్మినార్‌కు ఆటో ఎనభై రూపాయలు, బేరమాడితే ఇంకా తగ్గేదేమో. పదకొండు దాటేదాకా కొట్లు పూర్తిగా తెరవరు కాబట్టి సందుల్లో మంచి వెలుతురు ఉంటుంది, జనం తక్కువ. పావుగంట నడిస్తే హుస్సేనీ ఆలం. ఒక తాళాలు బాగుచేసే దుకాణం పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే పై గదిలో సుత్తె చప్పుడు.

అన్న యూసుఫ్ భాయ్‌కి అరవై దాటాయి, తమ్ముడు కరీం భాయ్‌కి యాభై ఉంటాయి. చెరొక రాతి దిమ్మె ముందు కూర్చుని, పల్చటి పొరలు కుట్టిన తోలు పుస్తకాన్ని సుత్తెతో కొడుతున్నారు. పొరకూ పొరకూ మధ్య గోరంత వెండి ముక్క పెడతారు. రెండు మూడు గంటలు కొడితే అది అరచేయంత రేకవుతుంది, ఊపిరి తగిలినా లేచిపోతుంది. అందుకే గదిలో ఫ్యాను లేదు. చెమటతో తడిసిపోతూ రెండు వందల పైచిలుకు ఫొటోలు తీశాను, అన్నీ రా ఫైళ్లే. రా అంటే కెమెరా తానేమీ వండకుండా దినుసులు ఉన్నవున్నట్టు మూటగట్టి ఇవ్వడం. తర్వాత కంప్యూటర్‌లో మనం వండుకోవాలి. నీడలో ఉన్న ముఖాన్ని బయటికి తేవాలంటే ఇదే మేలు.

పన్నెండున్నరకు ఇద్దరూ ఒకే పుస్తకం మీద ఆఖరి దెబ్బలు వేయడానికి కూర్చున్నారు. ఆ వరఖ్ ఎవరికని అడిగితే యూసుఫ్ భాయ్ చెప్పాడు.

"మా ఉస్తాద్ సైదాబాద్‌ల ఉంటరమ్మా. రెండేండ్లాయె, మంచం దిగుతలేరు. గీ ఆఖరిది అమ్మం, ఆయనకే ఇస్తం. దాని తోని ఒక్క ఫొటో గూడ ఇయ్యాలె, కాగితం మీద. ఫోన్ల ఆయనకు కనబడది."

అప్పుడే కరీం భాయ్ జేబులోంచి ఫోన్ తీశాడు, ఆ ఆఖరి దెబ్బల్ని నన్నే తన ఫోన్‌లో తీయమన్నాడు. నేను వద్దన్నాను. నా చేతిలో ఇంత కెమెరా ఉండగా ఫోనెందుకు భాయ్, సాయంత్రానికి మంచి ప్రింటు వేయించి ఇస్తానన్నాను. ఆయన సరేనని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, ఇద్దరూ ఆఖరి దెబ్బలు వేస్తుంటే నేను నా కెమెరాతోనే తీశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

కింద హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని లాప్‌టాప్ తెరిచాను. మూడేళ్ల కిందట ఏకమొత్తంగా డబ్బు కట్టి, జీవితాంతం మీదేనని చెబితే కొన్న ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అది. ఒక్క ఫైలూ తెరవలేదు. ఈ రకం ఫైలు నాకు తెలియదంది. కంపెనీ సహాయ కేంద్రానికి చాట్‌లో మెసేజ్ పెడితే, నా కెమెరా కొత్త వెర్షన్‌లోనే పనిచేస్తుందని, దానికి నెలనెలా అద్దె కట్టాలని జవాబు వచ్చింది. కడదామని చూస్తే ఆ కొత్త వెర్షన్ నా లాప్‌టాప్‌లో దిగదట, లాప్‌టాప్ పాతదట. ఫైళ్లను పాత సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేలా మార్చే ఉచిత కన్వర్టర్ ఉందన్నారు, అదీ నా లాప్‌టాప్‌లో నడవదు. చివరికి ఆ చాట్‌లో మనిషో మరొకటో, కొత్త లాప్‌టాప్ పరిశీలించమని వినయంగా సలహా ఇచ్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది. కెమెరాకు నేనే డబ్బిచ్చాను, సాఫ్ట్‌వేర్‌కు నేనే ఇచ్చాను, ఫొటో తీసిందీ నేనే. చూడటానికి మాత్రం నాకు హక్కు లేదు. ఇది వ్యాపారమా, దారిదోపిడీయా?

మళ్లీ పైకి పరుగెత్తాను, ఇంకోసారి నాలుగు దెబ్బలు వేయమని అడుగుదామని. గది ఖాళీ. రాళ్లు అప్పటికే ట్రాలీ ఆటోలో ఇంటికి వెళ్లిపోయాయి, యూసుఫ్ భాయ్ వాటితోనే వెళ్లాడు. రాళ్లు ఉన్నచోట నేల మీద రెండు తెల్లటి చదరాలు మిగిలాయి. కరీం భాయ్ ఒక్కడే ఆఖరి వరఖ్ ఉన్న పుస్తకం పట్టుకుని నాకోసం నిలబడి ఉన్నాడు. సంగతి చెప్పాను. ఆయన కోప్పడలేదు.

"నా ఫోన్ల తీస్తే అయిపోతుండె గదక్కా," అన్నాడు మెల్లగా.

తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. సంతోష్‌నగర్‌లో తన బిడ్డ పెళ్లి ఆల్బం చేసిన స్టూడియో ఉందని, సైదాబాద్ వెళ్లే దారేనని ఆయనే అన్నాడు. ఆటోకు నూట డెబ్బై. మదీనా వైపు ట్రాఫిక్ ఉంటుంది కాబట్టి శాలిబండ మీదుగా పొమ్మని ఆటో అతనికి కరీం భాయే చెప్పాడు. ముప్పావుగంట పట్టింది. దారంతా ఆయన పుస్తకాన్ని గాలి తగలకుండా చొక్కా లోపల పెట్టుకున్నాడు.

స్టూడియో సుధాకర్ అన్న నా కార్డు తన కంప్యూటర్‌లో పెట్టి చూశాడు. అక్కడా తెరుచుకోలేదు. కెమెరా కొని ఎన్నాళ్లయిందని, కొన్నాక ఒక ఫొటో అయినా ఇంట్లో తెరిచి చూశానా అని అడిగాడు. లేదన్నాను. ఆయన తన కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ చూపించాడు. అందులో తొమ్మిది ఫొటోలు, తొమ్మిదీ ఆ షాపు బోర్డువే.

"కొత్త కెమెరా వస్తే ఫస్టు మా బోర్డు తీస్తం, గీ కంప్యూటర్ల తెరుస్తం. తెరిస్తెనే పెండ్లికి పట్కపోతం. పెండ్లికొడుకు మూడు ముళ్లు మళ్ల ఎయ్యడు గదక్కా," అన్నాడు.

తర్వాత ఆయన నా కెమెరా మెనూలో అటూ ఇటూ వెతికి, రా ఫైలును కెమెరాలోనే మామూలు ఫొటోగా మార్చే దారి పట్టుకున్నాడు. పది రోజులుగా ఆ తాళంచెవి నా మెడలోనే వేలాడుతోంది. వందల పేజీల మాన్యువల్ నేను చదవలేదు, అది నా తప్పే. కానీ సాయం చేస్తామని కూర్చున్నవాళ్లు అద్దె, లాప్‌టాప్ అన్నారే తప్ప ఆ ఒక్క ముక్క చెప్పలేదు. నీడల్ని వెలుతురులోకి తేలేకపోయాం, కరీం భాయ్ ముఖం సగం చీకటిలోనే ఉంది. ఉన్నదున్నట్టే పెద్ద సైజులో ప్రింటు వేయించాను, నూట ఇరవై రూపాయలు.

నాలుగున్నరకు సైదాబాద్. అన్నదమ్ములకు పని నేర్పిన ఉస్తాద్ కిటికీ పక్కన మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. ఫొటో చీకటిగా వచ్చింది, క్షమించండి అని మొదలుపెట్టాను. ఆయన వినలేదు. ఫొటోను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశారు. తర్వాత వేలు పెట్టి చూపించారు.

"కరీం, చెప్పబట్టి ముప్పై ఏండ్లాయె. సుత్తె కట్టె ఇంక గా కొసకే పట్టుకుంటున్నవ్."

కరీం భాయ్ నవ్వాడు, తర్వాత మొహం అటు తిప్పుకున్నాడు. తేరుకున్నాక ఫ్యాను ఆపి, పుస్తకం విప్పి, ఆఖరి వరఖ్‌ను ఆయన అరచేతి మీద పరిచాడు. అది గీతల్లోకంటా అతుక్కుపోయింది. నా చెయ్యి కెమెరా మీదికి వెళ్లింది. చెయ్యి వెనక్కి తీసుకుని, కరీం భాయ్ ఫోన్ అడిగి తీసుకుని దానితోనే ఫొటో తీశాను.

తిరుగు బస్సులో కూడా నా కోపం చల్లారలేదు. ఆ రాళ్లు ఉస్తాద్ వాళ్ల నాన్న కాలానివట. నిరుడు కొన్న సుత్తెను కూడా అవి కాదనలేదు. పది రోజుల కెమెరా, మూడేళ్ల సాఫ్ట్‌వేర్ మాత్రం ఒకదాని ముఖం ఒకటి చూడవు, మధ్యలో నలిగేది మనం. కెమెరాలో ఒక్కొక్కటే మార్చుకుంటూ ఇప్పటికి ఇరవై అయ్యాయి, నీడలన్నీ నీడలుగానే ఉన్నాయి. మిగతావి మూటల్లోనే ఉన్నాయి. నేను మాత్రం అద్దె కట్టను.

మీరు వెళ్లేముందు ఒక్క పని చేయండి. కొత్త కెమెరాతో మీ ఇంటి గోడ గడియారాన్నో, గుమ్మాన్నో రా ఫైలుగా ఒక ఫొటో తీసి, మీ కంప్యూటర్‌లోనే తెరిచి చూడండి. తెరుచుకోకపోతే రా ఫైలుతో పాటు మామూలు ఫొటో కూడా దాచేలా కెమెరాను మార్చుకుని బస్సెక్కండి. పక్కనున్న మనిషి ఫోన్ తీస్తే, తీయనివ్వండి.