పొడిబట్టతో తుడిచిన జారు

మా ఇంట్లో స్టీలు డబ్బాలు తొమ్మిది, మూతలు తొమ్మిది. ఏ మూతా ఏ డబ్బాకూ పట్టదు. లోకంలో ఇంతకన్నా పెద్ద కష్టాలున్నాయని తెలుసు. కాని ప్రతి గురువారం కోరుట్ల నుంచి జగిత్యాల పోయే బస్సులో, ఉడికించిన క్యారెట్ నీళ్లు నా ప్యాంటు మీద కారుతున్నప్పుడు అవేవీ గుర్తుకు రావు.

ఆ క్యారెట్ మా నాలుగేళ్ల బిడ్డకు. తినడానికి కాదు, చూడడానికి. ఏడాది వయసులో పల్లీల పొడి నాలుకకు తగిలి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పల్లీలు, నువ్వులు దగ్గరికి రానీయొద్దన్నాడు డాక్టరు. బిడ్డ అంతకన్నా జాగ్రత్తపరురాలు. తెల్లన్నం, పప్పు మీది తేట, ఒక రకం బిస్కెట్టు తప్ప అన్నింటినీ దూరం పెట్టింది. బరువు పెరగడం ఆగిపోయింది. అందుకే జగిత్యాలలో తినడం నేర్పే మేడం దగ్గరికి తిరుగుతున్నాం. ఆమె దగ్గర తిండికి మెట్లుంటాయి. చూడాలి, తాకాలి, వాసన చూడాలి, పెదవికి ఆనించాలి, నాకాలి. ఎనిమిది నెలల్లో పెదవిదాకా వచ్చాం. ఈ లెక్కన పెళ్లినాటికి కొరుకుతుంది.

ఇంట్లో నా పని తేలికే. సగం రోజు "అది తినకు" అని అరుస్తాను, మిగతా సగం "ఇది తిను" అని బతిమాలుతాను.

సద్దుల బతుకమ్మకు సిరిసిల్లలోని అత్తగారింటికి పోయాం. ఆ పండక్కి పల్లీల పొడి, నువ్వుల పొడి చేయని ఇల్లుండదు. మా అత్తమ్మ మాత్రం మనుమరాలి కోసం విడిగా పెసల పొడి చేసి, చక్కెర కలిపి, వేరే డబ్బాలో పెట్టింది. ఆ డబ్బాకు మూత కూడా పట్టింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"అల్లుడా, పల్లీ గింజ గూడ ఎయ్యలే. అచ్చం పెసలే" అంది.

బిడ్డ డబ్బాలోకి చూసింది. వేలు ముంచింది. వాసన చూసి, నా మొహం చూసింది.

"ఏం గాదు, తిను" అన్నాను.

నాకింది. మళ్లీ ముంచి, మళ్లీ నాకింది. నా భార్య కళ్లు తుడుచుకుంది. నేను ఫోన్ తీసి వీడియో పట్టాను. ఆ వీడియో చివర బిడ్డ మెడ గోక్కుంటూ ఉంటుంది.

దద్దుర్లకు డాక్టరిచ్చిన సిరప్ తాగించి ఆసుపత్రికి ఉరికాం. దద్దుర్లు తగ్గేదాకా పంపలేదు. కిటికీలోంచి బతుకమ్మ పాటలు వినబడుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చాక అడిగాను.

"అత్తమ్మా, మిక్సీ జారు కడిగినవా?"

"కడుగుతరా ఎవరన్న? తడి తాకితే పొడి ఉండగడ్తది. పొడిబట్టతోని మంచిగ తుడిసిన."

అంతకు ముందు ఆ జారులో పట్టింది పల్లీలు. తుడవడంలో లోపమేమీ లేదు. మా అమ్మయినా అలాగే తుడిచేది. తిట్టడానికి మనిషి దొరకని కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కోరుట్లకు వచ్చాక దాన్ని డబ్బాల మీద చూపించాను. ఒక మూత ఇప్పుడు గుండ్రంగా కూడా లేదు.

తర్వాతి గురువారం మేడం క్యారెట్ ముక్కను ప్లేటులో పెట్టి జరిపింది. బిడ్డ మొహం తిప్పేసుకుంది. చూడడం కూడా లేదు. మొదటి మెట్టు కిందికి దిగిపోయాం.

"ఒక్కసారి పెదవికి తాకియ్యి, బంగారం" అంది మేడం.

"ఏం గాదు బిడ్డా" అన్నాను నేను.

బిడ్డ ప్లేటును నా వైపు నెట్టింది.

"అమ్మమ్మ పొడి తిన్నప్పుడు గూడ గట్లనే అన్నవు గద, డాడీ."